నిప్పు ఎక్కడ ఆరింది?

తొమ్మిదేళ్ల విరామం తరువాత, 2023లో, ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ బ్యాండు 'తూ హై' అనే కొత్త ఆల్బమ్‌ను విడుదల చేసింది. ఆ బ్యాండును రెండు దశాబ్దాలకు పైగా నెత్తిన పెట్టుకుని తిరుగుతున్న పాత అభిమాని దాన్ని ఒక్కసారి విన్నాడు. విని పెదవి విరిచాడు. బాగానే ఉంది గానీ, అంటూ సాగదీశాడు. ఆ 'గానీ' తరువాత అతడు చెప్పేవి మూడు మాటలు. ఆశీమ్ గొంతు లేదు. 'కందీసా' నాటి పచ్చిదనం లేదు. అన్నిటికీ మించి, ఆనాటి నిప్పు లేదు. మొదటి రెండూ చెవికి సంబంధించిన ఫిర్యాదులు. వాటితో పెద్దగా పేచీ లేదు. మూడోది రాజకీయమైన ఆరోపణ. దానికి మాత్రం జవాబు చెప్పక తప్పదు. అది తప్పుడు చిరునామాకు వచ్చిన ఉత్తరం.

ఈ అభిమాని ఫలానా వ్యక్తి కాడు, ఒక తరం. 2000 ప్రాంతంలో ఏ ఇంజినీరింగ్ కళాశాలలోనో, ఏ విశ్వవిద్యాలయ వసతిగృహంలోనో ఉన్నవాడు. హిందీ సినిమా పాటల హోరులోంచి బయటపడి, 'కందీసా' క్యాసెట్టును అరిగిపోయేదాకా విన్నవాడు. కళాశాల ఉత్సవాల్లో అర్ధరాత్రి దాటేదాకా మైదానంలో నిలబడి గొంతు కలిపినవాడు. ఇప్పుడు అతడికి నలభై అయిదేళ్లు. గురుగ్రామ్‌లోనో, బెంగళూరులోనో, గచ్చిబౌలిలోనో, న్యూజెర్సీలోనో ఇల్లు, ఆ ఇంటికి నెలనెలా వాయిదాలు. చెడ్డవాడేమీ కాదు. దేశం పోతున్న తీరు చూసి లోలోపల కుమిలిపోతూనే ఉంటాడు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెదనాన్న ఏదో ఒక విషపు వీడియో పంపితే చూసీ చూడనట్టు ఊరుకుంటాడు; పండగపూట గొడవ దేనికని. తన ఇంటి గ్రూపులో నోరు విప్పని ఈ మనిషికి, వేదిక మీది బ్యాండు మాత్రం ప్రతి ఆల్బమ్‌లోనూ రాజ్యం మీద గర్జించాలి.

చెవి సంగతి త్వరగా తేల్చవచ్చు. ఆశీమ్ చక్రవర్తి 2009 డిసెంబర్ 25న మరణించాడు. తబలా వాయిస్తూనే పాడే ఆ ఒక్క మనిషి స్థానాన్ని నింపడానికి ఇద్దరు కావలసి వచ్చారు: తబలాకు తుహీన్ చక్రవర్తి, గొంతుకు హిమాంశు జోషి. 1990లో ఆశీమ్‌తో కలిసి బ్యాండును మొదలుపెట్టిన గిటార్ వాద్యకారుడు సుస్మిత్ సేన్ 2013లో తప్పుకున్నాడు. ఆ చోటికి నిఖిల్ రావ్ వచ్చాడు. పాతవారిలో మిగిలింది రాహుల్ రామ్, అమిత్ కిలం. చనిపోయినవాడి గొంతు కొత్త ఆల్బమ్‌లో లేదని బాధపడటం దుఃఖం అవుతుంది గాని విమర్శ కాదు. సుస్మిత్ గిటార్ విషయంలో అభిమాని మాటలో నిజం ఉంది. తొందర లేకుండా, ఎవరి కోసమూ ఆగకుండా, ఒంటరి బాటసారిలా సాగిపోయే ఆ తీగల నడక ఇప్పటి రికార్డుల్లో వినిపించదు. 2014లో వచ్చిన 'తందాను'లో శుభా ముద్గల్, శంకర్ మహదేవన్, కర్ష్ కాలే వంటి అతిథులు వరుస కట్టారు. విందు బాగానే జరిగింది, ఇంటివారు మాత్రం వంటింట్లోనే ఉండిపోయారు. 'తూ హై'లో ఇంటివారు మళ్లీ వసారాలోకి వచ్చారు. ధ్వని అక్కడక్కడ కావలసిన దానికంటే నునుపుదేలింది. అయినా మూడు దశాబ్దాలు నిండిన బ్యాండు, ఇరవై ఏళ్ల క్రితం 'ఝీనీ'లో ఎత్తుకున్న కబీరును 'ఇస్ తన్ ధన్'లో మళ్లీ చేతిలోకి తీసుకుని అలసట వినిపించకుండా పాడగలగడం చిన్న సంగతి కాదు.

కొనుగోలు సంగతి కూడా ఒక మాట అనుకోవాలి. 2010లో '16/330 ఖజూర్ రోడ్' ఆల్బమ్‌ను ఈ బ్యాండు ఇంటర్నెట్‌లో ఉచితంగా పంచిపెట్టింది, నెలకొక పాట చొప్పున. ఆ పేరు కరోల్‌బాగ్‌లో వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసుకున్న పాత బంగళా చిరునామా. పాటల కంపెనీలతో విసిగి, శ్రోతను నమ్ముకుని చేసిన పని అది. అభిమాని అన్నీ దించుకున్నాడు. ఆ తరువాత అతడు ఏ ఆల్బమూ డబ్బు పెట్టి కొని ఉండడు. నెలవారీ చందాతో కోట్ల పాటలు వినే కాలం వచ్చింది. ఊరికే వచ్చిన సరుకు మీద నాణ్యత ఫిర్యాదు చేయకూడదని కాదు. దుకాణం ఎలా నడుస్తోందని ఒకసారైనా అడిగి ఉంటే ఆ ఫిర్యాదుకు మర్యాద దక్కేది.

ఇక నిప్పు. 2000లో వచ్చిన 'కందీసా'లో నిప్పు ఉన్న మాట నిజం. అయితే అది బ్యాండు పుట్టించిన నిప్పు కాదు, తెచ్చిన నిప్పు. 'హిల్లే లే' గోరఖ్ పాండే రాసిన భోజ్‌పురి గీతం. జనం దండుగా కదిలి వస్తే లోకం దద్దరిల్లుతుందని చెప్పే ఆ పాట బిహార్ పల్లెల్లో పేద రైతుల, కూలీల సభల్లో పాడుకున్నది. దాన్ని రాసిన కవి 1989 జనవరిలో జేఎన్‌యూ వసతిగృహంలో ఆత్మహత్య చేసుకున్నాడు. అదే జనవరి ఒకటో తేదీన, ఢిల్లీ శివార్లలోని ఝండాపూర్‌లో కార్మికుల మధ్య వీధినాటకం ఆడుతున్న సఫ్దర్ హష్మీ మీద దాడి జరిగింది. మరునాడు ఆయన ప్రాణం పోయింది. ఆయన స్మారకంగా పుట్టిన సహమత్ సంస్థ ఏటా జనవరి 1న కళాకారులను ఒకచోట చేర్చి సభ జరుపుతుంది. ఇండియన్ ఓషన్ రెండో ఆల్బమ్ 'డెజర్ట్ రెయిన్' 1997లో ఆ సభా వేదిక మీద వాయించినదాన్ని ఉన్నదున్నట్టు రికార్డు చేసి తెచ్చినదే. 'మా రేవా' నర్మదా లోయ పాట. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకుని తిరిగివచ్చిన రాహుల్ రామ్, నర్మదా బచావో ఆందోళన్‌లో పనిచేసిన రోజుల్లో అక్కడి నుంచి వెంట తెచ్చుకున్నాడు. ఆల్బమ్‌కు పేరిచ్చిన 'కందీసా' సైతం కేరళ సిరియన్ క్రైస్తవులు అరామిక్ భాషలో చేసుకునే ప్రార్థన.

అంటే ఆ ఆల్బమ్‌లోని ప్రతి నిప్పురవ్వ వెనుకా ఎక్కడో ఒక పొయ్యి ఉంది. ఆ పొయ్యి దగ్గర మనుషులున్నారు. కట్టెలు వేసింది వారే. దాన్ని ఆరిపోకుండా మోసుకొచ్చి నగరం గుమ్మంలో పెట్టడం బ్యాండు చేసిన పని. అది గొప్ప పనే. ఆ పైన ఏం చేయాలన్నది గుమ్మంలో నిలబడ్డవారు తేల్చుకోవలసిన విషయం. వారు చప్పట్లు కొట్టారు. భోజ్‌పురి రాదు, అరామిక్ రాదు, నిమాడీ రాదు. అర్థం తెలియకపోవడం కొన్నిసార్లు ఎంత సౌకర్యమో!

తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి. 'కందీసా' వెలువడిన 2000 సంవత్సరంలోనే, అక్టోబర్ 18న, సర్దార్ సరోవర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు నిర్మాణం సాగవచ్చన్నారు. జస్టిస్ భరూచా ఒక్కరే విభేదించారు. తీర్పుతో 90 మీటర్ల ఎత్తుకు దారి దొరికింది. అక్కడి నుంచి ఆనకట్ట మెట్టు మెట్టుగా పైకి లేచింది. 2006 నాటికి 121.92 మీటర్లు. 2014 జూన్‌లో, కేంద్రంలో కొత్త ప్రభుత్వం ఏర్పడిన కొద్ది రోజులకే, 138.68 మీటర్లకు అనుమతి. 2017 సెప్టెంబర్ 17న, తన పుట్టినరోజున, ప్రధాని నరేంద్ర మోదీ దాన్ని జాతికి అంకితం చేశారు. 2019 సెప్టెంబర్‌లో జలాశయం మొదటిసారి అంచుదాకా నిండింది. మధ్యప్రదేశ్‌లోని నిమాడ్ ప్రాంతంలో చిఖల్దా, నిసర్‌పూర్ వంటి ఊళ్లు నీటిపాలయ్యాయి. కచ్ఛ్‌కూ సౌరాష్ట్రకూ నీళ్లు చేరాయా, ఎంత చేరాయి అన్నది వేరే చర్చ, చేయదగిన చర్చే. కానీ మునకకు ముందే పునరావాసం పూర్తి కావాలని చెప్పింది ఏ ఉద్యమకారులో కాదు, 1979 నాటి నర్మదా ట్రిబ్యునల్ అవార్డు. నలభై ఏళ్ల తరువాత నీళ్లు ముందు వచ్చాయి.

ఈ పందొమ్మిదేళ్లూ 'మా రేవా' దేశమంతటా కళాశాల మైదానాల్లో మోగుతూనే ఉంది. పాటకు పేరు పెరిగింది, గోడకు ఎత్తు పెరిగింది. ఒకదానికొకటి అడ్డు రాలేదు. రేవా అంటే నర్మదకే మరో పేరని ఆ మైదానాల్లో ఎందరికి తెలుసు? తెలిసినవారిలో ఎందరు బడ్వానీ ఎక్కడుందో పటంలో వెతికారు? ఏ పాటకైనా ఇంత అన్యాయం జరగడం అరుదు. నది తల్లిని పిలిచే పాట, నది ఒడ్డున ఇళ్లు మునుగుతున్న కాలంలో, ఊగడానికి పనికివచ్చే పాటగా మిగిలింది. ఆ మిగలడంలో బ్యాండు తప్పు ఎంత, వింటూ ఊగినవారి తప్పు ఎంత అని లెక్క కట్టవలసి వస్తే, తూకం ఎటు మొగ్గుతుందో అభిమాని స్వయంగా చూసుకోవచ్చు.

నోరు విప్పితే ఏమవుతుందో కూడా ఆ నదే చూపింది. 2006 ఏప్రిల్‌లో మేధా పాట్కర్ ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర నిరాహార దీక్ష చేస్తున్నప్పుడు నటుడు ఆమీర్ ఖాన్ వెళ్లి, నిర్వాసితులకు పునరావాసం దక్కాలన్నాడు. ఆనకట్ట వద్దని కూడా అనలేదు. మే నెలలో అతడి 'ఫనా' విడుదలైతే గుజరాత్‌లో థియేటర్ల యజమానులు దాన్ని వేయడానికి జంకారు. ప్రభుత్వం నిషేధ ఉత్తర్వు ఇచ్చిందా అంటే, లేదు. ఆ అవసరమే రాలేదు. మిగతా దేశంలో సినిమా హాయిగా ఆడింది. ఇండియన్ ఓషన్ అభిమాని కూడా చూశాడు. ఒక రాష్ట్రంలో అది ఎందుకు ఆడలేదన్న సంగతి విరామ సమయంలో కబురుగా సరిపోయింది.

ఆ తరువాత పద్ధతి మరింత మెరుగుపడింది. 2021 జనవరి 1న ఇందోర్‌లో హాస్యకారుడు మునవ్వర్ ఫారూఖీని అరెస్టు చేశారు, వేదిక మీద అసలు అన్నాడో లేదో తేలని మాటల పేరిట. బయటికి రావడానికి నెల దాటింది. అదీ సుప్రీంకోర్టు దాకా వెళితే. అదే ఏడాది నవంబర్‌లో బెంగళూరులో అతడి ప్రదర్శన రద్దయింది. 2025 మార్చిలో కునాల్ కామ్రా ఒక ఉపముఖ్యమంత్రి మీద పాట కట్టినందుకు, అతడు ప్రదర్శన ఇచ్చిన ముంబై ఖార్‌లోని వేదికను ధ్వంసం చేశారు. వెనువెంటనే నగరపాలక సంస్థ మనుషులు సుత్తులతో దిగారు. ఈ ప్రదర్శనలకు టికెట్లు కొనేది ఎవరు? అదే నగరం, అదే వర్గం, అదే అభిమాని. ప్రదర్శన రద్దయితే అతడికి వచ్చే మొదటి సందేహం డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుందన్నది.

అయినా నిప్పు ఆరిందన్న ఆరోపణ వాస్తవంగానూ నిలవదు. ముంబై వరుస పేలుళ్ల మీద తీసిన 'బ్లాక్ ఫ్రైడే' సినిమాకు సంగీతం ఇచ్చింది ఈ బ్యాండే. ఆ సినిమా న్యాయస్థానాల్లో చిక్కుకుని 2007లో గాని తెరకెక్కలేదు, పీయూష్ మిశ్రా రాసిన 'బందే' మాత్రం ముందే జనంలోకి వెళ్లింది. 2014 తరువాత, చాలామంది పెద్ద కళాకారులు మౌనాన్ని సంస్కారంగా అలవరచుకున్న రోజుల్లో, రాహుల్ రామ్ 'ఐసీ తైసీ డెమోక్రసీ' పేరిట వరుణ్ గ్రోవర్ వంటివారితో కలిసి, పాత సినిమా పాటల వరసల్లో పాలకులను వెక్కిరిస్తూ ఊరూరా తిరిగాడు. అరవై దగ్గరపడుతున్న మనిషి అంతకంటే ఏం చేయాలి? ఆ వీడియోలు అభిమాని చూశాడు, నవ్వాడు. పంచుకునే ముందు మాత్రం, కార్యాలయంలో ఎవరైనా చూస్తారేమోనని ఆగాడు.

మరో రకం అభిమాని కూడా ఉన్నాడు. అతడి సంగతి మరీ విచిత్రం. వసతిగృహంలో 'హిల్లే లే' పాడుతూ బల్లలు చరిచిన గొంతుతోనే ఇప్పుడతడు, సంగీతంలోకి రాజకీయం ఎందుకు తెస్తారని బ్యాండును నిలదీస్తాడు. పాలేర్లూ కూలీలూ జమీందారు మీద కదిలిన పాట అతడి దృష్టిలో సంగీతం. నిన్నటి మంత్రి మీది ఛలోక్తి రాజకీయం. గోరఖ్ పాండే ఏ పార్టీ సభల్లో పాడుకున్న కవో ఎవరైనా చెబితే, ఆ క్యాసెట్టును చెత్తబుట్టలో వేస్తాడేమో. ఈ ఇద్దరు అభిమానులూ ఎదురెదురు వాదనలు చేస్తున్నట్టు కనిపిస్తారు గాని, కోరేది ఒక్కటే: పాట తమను ఏ పనీ అడగకూడదు.

సరిహద్దు అవతల కథ వేరుగా ఏమీ లేదు. లాహోర్‌లో పుట్టిన జునూన్ బ్యాండు 'సయ్యోనీ' పాటతో 1990ల చివర్లో భారత్‌లోనూ ఇంటింటి పేరయింది. 1998లో రెండు దేశాలూ అణుపరీక్షలు జరిపి జనం వీధుల్లో మిఠాయిలు పంచుకుంటున్నప్పుడు, ఆ బ్యాండు ఈ సంబరం దేనికని అడిగింది. నవాజ్ షరీఫ్ ప్రభుత్వం వారిని ప్రభుత్వ టీవీ, రేడియోల నుంచి వెలివేసింది. 2025 మే 8న, పహల్గాం దాడి తరువాతి యుద్ధ వాతావరణంలో, పాకిస్తాన్‌లో తయారైన సినిమాలు, పాటలు, పాడ్‌కాస్టులు అన్నిటినీ నిలిపివేయాలని భారత సమాచార ప్రసార శాఖ స్ట్రీమింగ్ వేదికలకు సూచించింది. హంతకులకు శిక్ష పడాలన్న దానిలో రెండో మాట లేదు. ఇరవై ఏడేళ్ల క్రితం తమ దేశపు బాంబునే ప్రశ్నించిన గాయకుల పాట వింటే ఏ హంతకుడు లాభపడతాడో ఆ సూచనలో లేదు. అడిగిన అభిమానీ లేడు.

తెలుగువారికి ఈ వ్యవహారం మరింత తేలికగా అర్థం కావాలి. పాటకూ పోరుకూ మధ్య ఉండవలసిన సంబంధాన్ని దగ్గరి నుంచి చూసిన నేల ఇది. 2023 ఆగస్టులో కన్నుమూసిన గద్దర్ గొంతు ఒక్కటే తెలంగాణ పల్లెలను కదిలించిందనుకోవడం పొరపాటు. ఆ గొంతు వెనుక జననాట్యమండలి ఉంది, దాని వెనుక సంఘాలున్నాయి, పాట అయిపోయాక తెల్లారి చేయవలసిన పని ఏమిటో తెలిసిన శ్రోతలున్నారు. ఆ రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఈ ఒక్క సంగతిని కాదనలేరు. 1997 ఏప్రిల్ 6న ఆయన ఇంటికి వచ్చి తూటాలు దింపినవారు పాటకు భయపడ్డారో, వినేవారికి భయపడ్డారో ఊహించడం కష్టం కాదు. 'మా రేవా' విని ఇళ్లకు వెళ్లిపోయేవారికి ఏ ప్రభుత్వమూ భయపడలేదు.

హైదరాబాద్‌లో ఇండియన్ ఓషన్ వాయించినప్పుడల్లా ముందు వరుసల్లో నిలబడే అభిమానికి సొంత నది ఒకటి ఉంది. దాని మీద పోలవరం కడుతున్నారు. 2014లో, రాష్ట్ర విభజన వేళ, ఆ ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అక్కడి కోయలనూ కొండరెడ్లనూ అడిగింది లేదు. కాఫర్ డ్యామ్ లేచాక దేవీపట్నం మండలంలో ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2022 జూలై వరదలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వి.ఆర్.పురం మండలాల జనం పిల్లలతో గుట్టలెక్కారు. ఆ వారం అభిమాని పాపికొండల పడవ ప్రయాణం ఎప్పుడు మళ్లీ మొదలవుతుందోనని వాకబు చేశాడు.

'కందీసా'లో ఏడు పాటలున్నాయి. నిద్రలో లేపి అడిగినా వాటి వరుస తప్పకుండా చెప్తాడు. 41.15, 45.72 అనే రెండు అంకెలు దేనివో మాత్రం అతడికి తెలియదు. అవి మీటర్లు. మొదటి దాకా నీళ్లు నిలిపితే ఎవరి ఊరు పోతుందో, రెండో దాకా నిలిపితే ఎవరిది పోతుందో కూనవరం సంతలో ఎవరిని అడిగినా చెప్తారు.